దగ్గరి రేవు, చలిగాలి

సముద్రయానమనగానే మన మనస్సునకు మహాసాగరములును, నెలల తరబడి సాగు యాత్రలును తోచును. ఒక రేవు నుండి ప్రక్క రేవునకు పోవుట ఎంతపని అనుకొందుము. కాని చలిగాలులు వీచు దినములలో చిన్న తెరచాప పడవకు ఆ దగ్గరి దారియే కఠినమైన పరీక్ష. దూరము పోవువాడు అన్నియు అమర్చుకొని బయలుదేరును. దగ్గరికి పోవువాడు ‘పూట ప్రయాణమే గదా’ అని లంగరెత్తును. అపాయము ఆ తేలికభావములోనే దాగియున్నది.

ఇంగ్లండు దక్షిణ తీరమును ఉదాహరణగా తీసికొందము. అచ్చట ప్రధాన భూభాగమునకును వైట్ ద్వీపమునకును నడుమ సోలెంట్ అను జలసంధి కలదు. ఆ ద్వీపమునందలి యార్మత్ రేవు నుండి పడమరగా పూల్ రేవు ముఖద్వారమునకు 20 నాటికల్ మైళ్ళ లోపే దూరము. గంటకు 5 మైళ్ళు నడచు పడవకు నాలుగు గంటలైనను పట్టదు. అయితే దారిలో హర్స్ట్ కోట ప్రక్కనున్న ఇరుకు మార్గమును దాటవలెను. ఎనిమిదవ హెన్రీ రాజు 1540ల ప్రాంతమున కట్టించిన కోట అది. అచ్చట జలమార్గపు వెడల్పు మైలైనను లేదు.

సోలెంట్‌లోని నీరు పోటుకును పాటుకును ఆ ఇరుకులోనుండియు రాకపోకలు సాగించును. పూర్ణిమ, అమావాస్యల తరువాతి దినములలో అచ్చటి నీటివడి గంటకు 4 మైళ్ళకు చేరును. ఆ వడికి ఎదురేగిన మన పడవ గంటకు 1 మైలు మాత్రమే ముందుకు పోగలదు. కావున పడమరగా పోవువారు పాటునీటితో కలిసి పోవుదురు.

చిక్కు ఇచ్చటనే పుట్టును. ఆ తీరమున తరచుగా వీచునది నైరుతి గాలి. నీరు పడమరకు పరుగెత్తుచుండ, గాలి దానికి ఎదురై వచ్చినచో అలలు దగ్గర దగ్గరగా, నిట్రముగా లేచును. మన గోదావరి మొగలలో ఏటి పాటునకు సముద్రపు గాలి ఎదురైనప్పుడు జరుగునదియు ఇదే. హర్స్ట్ దాటగానే షింగిల్స్ అను గులకరాళ్ళ మెరక, ఆపైన నీడిల్స్ అను సుద్దరాతి కొమ్ములు, వాటి కొసను 1859లో నిర్మించిన దీపస్తంభము కనబడును. మెరకలపై లోతు తగ్గుటచే అలలు విరిగిపడును. వాటిని చూచి వెనుకకు మరలుదమన్నను, పడవను అచ్చటికి తెచ్చిన పాటే ఇప్పుడు దారికి అడ్డమగును. అది మరలువరకు కొన్ని గంటలు ఆ అలలలోనే గడుపవలెను.

గాలి వేగము రెట్టింపైనచో తెరచాపపై దాని త్రోపుడు నాలుగు రెట్లగును. చల్లని గాలి సాంద్రము గనుక, 30 డిగ్రీల ఉష్ణమున వీచు గాలికన్న 5 డిగ్రీల వద్ద అదే వేగముతో వీచు గాలి ఇంచుమించు పదవవంతు ఎక్కువ బలముతో నెట్టును. గంటకు 40 కిలోమీటర్ల వేగముతో వీచు అట్టి గాలి శరీరమునకు సున్న కన్న ఒక డిగ్రీ తక్కువైనట్లు తోచును. తడిసిన వ్రేళ్ళు మొద్దుబారి ముడి విప్పలేవు, ఆలోచనయు మందగించును.

ఫిబ్రవరి, మార్చి నెలలలో ఆ సముద్రజలము 8, 9 డిగ్రీల చల్లదనమున ఉండును. అందు పడినవాడు మొదటి నిమిషమున ఊపిరిని అదుపు చేసికొనలేక నీరు మ్రింగును. తరువాత సుమారు 10 నిమిషములు మాత్రమే కాలుసేతులు చెప్పినట్లు వినును. కావుననే తేలుడు కవచమును తొడుగుకొని, పడవకు కట్టిన త్రాడును నడుమునకు తగిలించుకొందురు.

మరి చేయవలసినదేమి? ముందుగా రేడియో వినుట. 1859లో రాయల్ చార్టర్ అను ఓడ తుపానులో మునిగి వందలాది జనులు మరణించిన పిమ్మట, ఫిట్జ్‌రాయ్ అను నౌకాధికారి 1861లో తుపాను హెచ్చరికలను ప్రారంభించెను. నేడు బి.బి.సి. ప్రసారము చేయు నావికుల వాతావరణ సూచన ‘వైట్’ మొదలైన సముద్రభాగములను పేరుపేరున పిలిచి, గాలి దిక్కును బలమును తెలుపును. ఉత్తరపు గాలియైనచో భూమి చాటు దొరకును, అలలు పెద్దవి కావు. అష్టమి ప్రాంతములందు నీటివడి తక్కువ. ఈ రెండును కలిసిన దినము శ్రేష్ఠము. తెరచాపను రేవులోనే కొంత మడిచి కట్టవలెను. వెచ్చని ఆహారమును ముందుగనే తినవలెను.

నైరుతి గాలి బలముగానున్నదని సూచన వచ్చెనా, యార్మత్‌లోనే ఆగుట మేలు. హర్స్ట్ దాటకముందు ఆ నిర్ణయము మన చేతిలో నుండును. దాటిన పిమ్మట గాలిదియు నీటిదియు అగును. పూల్ రేవు మరునాడును అచ్చటనే యుండును.