శునకానికి శుభ్రత - గృహానికి భద్రత

శునకం విశ్వాసానికి మారుపేరు. పెట్టిన పిడికెడు మెతుకులకు రాత్రంతా మేలుకొని ఇల్లు కాచే ప్రాణి అది. అటువంటి కుక్క ఒకనాటి ఉదయం చేలగట్ల మీద నుండి ఒళ్ళంతా మలినం పులుముకొని, తోక ఆడించుకుంటూ వచ్చి వాకిట నిలిచినదనుకొందాం. కొందరు రాయి విసిరి తరుముతారు. మరికొందరు ఫినాయిలు కుమ్మరిస్తారు. ఈ రెండూ పొరపాట్లే. తరిమిన కుక్క చీకటిపడగానే తిరిగి పిల్లల మధ్యకే చేరుతుంది. ఫినాయిలు దాని చర్మాన్ని కాలుస్తుంది. నాకినచో విషమై ప్రాణం మీదికి తెస్తుంది. కనుక ఈ విషయాన్ని కొంత వివరంగా తెలుపుట అవసరమని మేము భావించాము.

మన బుచ్చిరెడ్డిపాలెం పరిసరాలు నీటితోను, వరిచేలతోను నిండినవి. కనిగిరి రిజర్వాయరు, కాలువలు, కోసిన మళ్ళు కొంగలకు, బాతులకు ఆటపట్లు. ధాన్యం ఉన్నచోట ఎలుకలు, ఎలుకలున్నచోట పాములు, నక్కలు చేరుట సహజం. అవి విడిచిన రెట్టలు, పెంటలు గట్ల మీద పడి ఉంటాయి. కుక్కకు వాసనే లోకం. దాని పూర్వీకులైన తోడేళ్ళు కూడ ఇతర జంతువుల మలినంలో పొర్లుతాయి. కాబట్టి మన కుక్క పొర్లినదంటే అది దాని జన్మస్వభావమే గాని దుర్గుణం కాదు.

అయితే ఆ మలినంలో దాగిన ప్రమాదాలు చిన్నవి కావు. పక్షుల రెట్టలో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. నక్కల మలంలో కొంకిపురుగుల, ఏలికపాముల గుడ్లతో పాటు కుక్కపిల్లలను బలిగొనే పార్వో వైరస్ కూడ ఉండగలదు. ఈ వైరస్ మట్టిలో నెలల తరబడి నిలుస్తుంది. ఎలుకల మూత్రం వలన వచ్చే లెప్టోస్పైరోసిస్ మరీ గమనించదగినది. ఆ క్రిములు తడినేలలో, నిలువనీటిలో బ్రతుకుతాయి గనుక మన ప్రాంతంలో అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురిసే వానల కాలంలో ఎక్కువ జాగ్రత్త అవసరం. వ్యాధి సోకిన కుక్క మూత్రం ద్వారా అది మనుష్యులకు కూడ వ్యాపించి, కామెర్లకు, మూత్రపిండాల చెరుపునకు దారితీయగలదు.

2024 ఫిబ్రవరిలో పొరుగున ఉన్న కోవూరు మండలం గుమ్మళ్ళదిబ్బలో కోళ్ళకు బర్డ్ ఫ్లూ సోకినట్లు నిర్ధారణ అయిన సంగతి పాఠకులకు గుర్తుండవచ్చు. 2004లో థాయ్‌లాండ్‌లో ఆ వ్యాధి సోకిన బాతును తిన్న ఒక కుక్క మరణించినది. కావున చచ్చిన పక్షుల చెంతకు కుక్కను పోనీయరాదు. అవి గుంపుగా పడి ఉన్నచో పశుసంవర్ధక శాఖవారికి తెలుపవలెను.

ఇక శుభ్రపరచు విధానం. మొదట కుక్కను ఆరుబయట పొట్టి తాడుతో కట్టి, ఒళ్ళు నాకకుండ చూడవలెను. చేతులకు తొడుగులు గాని, ప్లాస్టిక్ సంచులు గాని ధరించవలెను. ఎండిన మలినాన్ని దులిపినచో ధూళి ముక్కులోనికి పోతుంది; కాబట్టి ముందు తడిపి, పాత కాగితంతో తీసివేయవలెను. పిమ్మట గోరువెచ్చని నీటితో, కుక్కల షాంపూతో రెండు మూడుసార్లు రుద్ది కడగవలెను. అది లేనిచో పసిపిల్లల షాంపూ చాలును. బట్టల సోడా, కిరోసిన్, ఫినాయిలు ఎన్నడూ వాడరాదు. కళ్ళలోనికి నురుగు పోనీయక, చెవుల వెలుపలి భాగాన్ని తడిగుడ్డతో తుడిచి, వ్రేళ్ళ సందులను మరువక శుభ్రం చేయవలెను. ఈ పని బావి గట్టున గాని, కాలువలో గాని చేయరాదు. ఆ నీరే మరల మనకు చేరుతుంది. ఆ తరువాత నేలను ముందు కడిగి, అనంతరమే బ్లీచింగ్ పౌడరు నీళ్ళు చల్లవలెను. మురికి మీద చల్లిన బ్లీచింగ్ పనిచేయదు. చివరకు మన చేతులను సబ్బుతో కడుగుకొనవలెను.

మలినాన్ని తిన్న కుక్కకు ఉప్పునీళ్ళు త్రాగించి కక్కించుట ప్రమాదకరం. మంచినీళ్ళు పెట్టి రెండు వారాలు కనిపెట్టి ఉండవలెను. తిండి మానుట, జ్వరం, వాంతులు, నెత్తురు విరేచనాలు, కళ్ళు పసుపుబారుట కనిపించిన వెంటనే పశువైద్యుని వద్దకు తీసుకొనిపోవలెను. పార్వో, లెప్టోస్పైరోసిస్‌లకు టీకాలు కలవు. రేబిస్ మలం వలన రాదు. కాని నక్క కరిచినచో రావచ్చును గనుక ఆ టీకా కూడ తప్పనిసరి. పురుగుల మందు వైద్యుని సలహాపై క్రమంగా ఇవ్వవలెను.

కుక్క విషయమై ముస్లిం గృహాలలో శుచి పట్టింపు ఎక్కువ. కుక్క నాకిన పాత్రను ఏడుసార్లు, అందులో ఒకసారి మట్టితో తోమి కడగవలెనని హదీసు గ్రంథాలు ఆదేశిస్తున్నవి. దప్పికతో రొప్పుచున్న కుక్కకు బావిలో దిగి నీరు తెచ్చి త్రాపిన మనిషి దైవక్షమకు పాత్రుడైనాడని కూడ ఆ గ్రంథాలే తెలుపుచున్నవి. శుచిని, దయను ఒకదానికొకటి అడ్డమని తలచేవారు ఈ రెండింటినీ కలిపి చదువవలెను.

మన వాకిలి కాచిన ప్రాణికి ఒక బకెట్టు నీళ్ళు, అరగంట ఓపిక బరువు కాదు. ఆ కాస్త శ్రమ దాని ప్రాణాన్ని, మన పిల్లల ఆరోగ్యాన్ని కూడ కాపాడుతుంది.