ప్లగ్ పీకేశాక కూడా కొట్టింది: లేజర్ ట్యూబ్ పవర్ సప్లై కథ

నా టేబుల్ మీద ఉన్న ఈ గాజు గొట్టం చూశారా? ఇది హీలియం-నియాన్ లేజర్ ట్యూబ్. 1974 జూన్ 26న అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ అనే ఊళ్లో, ఒక సూపర్ మార్కెట్‌లో మొదటి బార్‌కోడ్ స్కాన్ చేసింది ఇలాంటి లేజర్‌తోనే. నాది పాత స్కానర్‌లోంచి తీసిన ఒక మిల్లీవాట్ ట్యూబ్. దీనికి పవర్ సప్లై నేనే కట్టాను. అందులో ఒక తప్పు చేశాను. ఈ ఎపిసోడ్ ముఖ్యంగా ఆ తప్పు గురించే.

ముందు ట్యూబ్‌కి ఏం కావాలో చూద్దాం. వెలగకముందు లోపలి గ్యాస్‌లో కరెంటు పారదు. దాన్ని లేపడానికి 5 నుంచి 8 వేల వోల్టులు కావాలి. ఒకసారి వెలిగిందంటే సుమారు 1100 వోల్టులు, 5 మిల్లీఆంపులు చాలు. అందుకే 1500 వోల్టుల మెయిన్ సప్లై మీద, చిన్న కెపాసిటర్లు, డయోడ్లతో మల్టిప్లయర్ పెడతాం. కాక్‌క్రాఫ్ట్, వాల్టన్ 1932లో లిథియం పరమాణువుని చీల్చడానికి వాడింది ఈ రకం సర్క్యూట్‌నే. ట్యూబ్ వెలగ్గానే మల్టిప్లయర్ వోల్టేజ్ పడిపోతుంది, మెయిన్ సప్లై పని అందుకుంటుంది.

ఇంకో సంగతి. వెలిగిన గ్యాస్‌లో కరెంటు పెరిగేకొద్దీ వోల్టేజ్ తగ్గుతుంది. అడ్డు లేకపోతే కరెంటు అలా పెరుగుతూ పోయి ట్యూబ్ పాడైపోతుంది. అందుకే 75 కిలో ఓమ్‌ల బల్లాస్ట్ రెసిస్టర్, అదీ యానోడ్ పక్కనే పెట్టాలి. 5 మిల్లీఆంపులకి అది 375 వోల్టులు తను తీసుకుంటుంది.

ఇప్పుడు నా తప్పు. మొదటిసారి స్విచ్ వేశాను, ట్యూబ్ వెలగలేదు. ప్లగ్ పీకేసి, వైరు లూజుగా ఉందేమోనని చేయి పెట్టాను. అంతే! చేయి దానంతటదే ఎగిరి గోడకి కొట్టుకుంది. గంటసేపు వేళ్లు వణికాయి. వేళ్లు యానోడ్‌కి, మణికట్టు ఇనప డబ్బాకి తగిలాయి కాబట్టి షాక్ ఆ ఒక్క చేతిలోనే తిరిగింది. రెండో చేయి కూడా డబ్బా మీద ఉంటే అది గుండె మీదుగా పోయేది.

ఎందుకు కొట్టింది? ట్యూబ్ వెలగలేదు కాబట్టి కెపాసిటర్లలో ఛార్జ్ పోయే దారి లేదు. ప్లగ్ పీకితే కొత్త కరెంటు ఆగుతుంది, నిల్వ ఉన్నది అలాగే ఉంటుంది.

ఇప్పుడు మెయిన్ కెపాసిటర్‌కి అడ్డంగా పది 100 కిలో ఓమ్ రెసిస్టర్లు వరసగా పెట్టాను. దీన్నే బ్లీడర్ అంటాం. పదెందుకంటే, 1500 వోల్టులు ఒక్క చిన్న రెసిస్టర్ తట్టుకోలేదు. నాది 1 మైక్రోఫారడ్ కెపాసిటర్, ఐదు సెకన్లలో పది వోల్టులకి దిగిపోతుంది. కానీ బ్లీడర్ మల్టిప్లయర్‌ని ఖాళీ చేయదు. అందుకే ప్లాస్టిక్ కర్రకి కట్టిన రెసిస్టర్‌తో యానోడ్‌ని గ్రౌండ్‌కి కలుపుతాను. ఆ తర్వాతే మీటర్ పెడతాను. ఎడమ చేయి జేబులోనే!

చివరిగా ఒక్కమాట. పాత మైక్రోవేవ్ ట్రాన్స్‌ఫార్మర్‌తో మాత్రం చేయకండి. దాంట్లో 2000 వోల్టుల దగ్గర వందల మిల్లీఆంపులు వస్తాయి, రెండో ఛాన్స్ ఉండదు. ఇదే మీ మొదటి ప్రాజెక్ట్ అయితే రెడీమేడ్ సప్లై కొనండి, తెలిసినవాళ్లు పక్కన ఉన్నప్పుడే ముట్టుకోండి. నాకు దొరికిన అదృష్టం అందరికీ దొరకదు. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.