జూరాల నురుగు, కొసైను గణితము

గద్వాల, వనపర్తి సీమల నడుమ కృష్ణానదిని నిలువరించిన జూరాల ప్రాజెక్టు గేట్లెత్తిన వేళ తీసిన హెచ్‌డీ వీడియోను పాత కంప్యూటరులో చూడబోయిన, బొమ్మ ఒకచోట నిలిచి, మరొకచోట తుళ్ళి, నీటి వేగమే మాయమగును. ఒక్కొక్క చట్రమున 1920 × 1080, అనగా 20,73,600 బిందువులుండును. బిందువునకు 3 బైట్ల వంతున, సెకనుకు 25 చట్రములు చూపవలెనన్నచో, సుమారు 15.5 కోట్ల బైట్లు కావలెను.

ఈ భారమును తగ్గించు ఉపాయమును 1974 జనవరిలో ప్రకటించినవారు మువ్వురు: బెంగుళూరున జన్మించిన నసీర్ అహ్మద్, ఆయన శిష్యుడు టి. నటరాజన్, మదరాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి టెక్సాసులోని ఆర్లింగ్టన్‌లో ఆచార్యుడైన కామిశెట్టి రామమోహనరావు. ఈ ఊహకై 1972లో అహ్మద్ కోరిన ధనసహాయమును అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థ నిరాకరించెను. 2021లో కీర్తిశేషులైన రామమోహనరావుగారి పేరును మన పిల్లలు బడిలోనే వినవలెనని నా కోరిక.

చిత్రమును 8 × 8 బిందువుల గడులుగా కోసి, ప్రతి గడిని మందముగా, త్వరితముగా ఊగెడి కొసైను తరంగముల మొత్తముగా వ్రాసి, కంటికానని స్వల్పాంశములను విడిచిపెట్టుటయే ఆ ఉపాయము. గద్వాల చీరలోని సాదా నూలు ఒడలికి ఒకటి రెండు తరంగములు చాలును. పట్టు అంచునందలి జరీ పనికి అనేకములు కావలెను. కదలిక విషయమున, వెనుకటి చట్రములోని తునకనే కొంత జరిపి వాడుకొందురు. కాని జూరాల నురుగునకుగాని, నాగర్‌కర్నూలు జిల్లా నల్లమలలోని మల్లెలతీర్థపు జలధారకుగాని అట్లు ఎరువు తెచ్చుకొనదగిన తునక అరుదు గనుక, అంకెల ప్రవాహము అక్కడనే ఉప్పొంగును.

2003లో వెలువడిన హెచ్.264 అను వీడియో కుదింపు ప్రమాణము ఈ గణితమును మరింత జటిలము చేయగా, ప్రతి ఆజ్ఞను వేరువేరుగా చదివి నెరవేర్చెడి ఆనాటి ఒంటికోరు ప్రాసెసర్లు పూర్తి హెచ్‌డీకి అలసిపోయెను. 2007లో ఎన్విడియా, ఏఎండీ సంస్థలు ఆ కుదింపును విప్పెడి పనినంతయు గ్రాఫిక్సు చిప్పులోని డికోడరు అను ప్రత్యేక వలయమునకు అప్పగించినవి. గుణకారములు, కూడికలు సిలికానునందే స్థిరపడియుండుటచే, అది స్వల్ప విద్యుత్తుతో, ఏకకాలమున, తడబడక సాగును. నేడు జేబులోని ఫోను కూడ వేడెక్కక సినిమా చూపగలుగుట దానివలననే.

అయితే చెక్కిన వలయము కొత్త విద్య నేర్వజాలదు. 2013లో హెచ్.265 వచ్చినప్పుడు పాత చిప్పులకు అది అర్థము గాక, భారమంతయు మరల ప్రాసెసరుపైననే పడెను. కావున కంప్యూటరు కొనువారు ర్యాము ఎంత, కోర్లెన్ని అని విచారించుటకు ముందు, ఏయే వీడియో ప్రమాణములను అందలి డికోడరు స్వయముగా విప్పగలదో అడిగి తెలిసికొనవలెను.