మూగజీవుల ఆలనాపాలనలో అజ్ఞాత శ్రామికులు

సేవా సంస్థ అనగానే ముందు దాతల పేర్లు గుర్తుకు వస్తాయి. ఆ తర్వాత అధ్యక్ష, కార్యదర్శుల పేర్లు. తెల్లవారకముందే చీపురు పట్టుకుని పని మొదలుపెట్టే మనిషి పేరు ఏ శిలాఫలకం మీదా కనిపించదు. ఆసుపత్రిలోనైనా, అనాథాశ్రమంలోనైనా, పాఠశాలలోనైనా ఇదే తీరు. జంతు సంరక్షణ కేంద్రాల్లో ఇది మరీ ఎక్కువ. అక్కడ సేవ పొందేవాటికి నోరు లేదు. వాటి తరఫున వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పే బంధువులూ ఉండరు.

అందుకే ఆ కేంద్రాల్లో పనిచేసే సిబ్బంది గురించి ఈ సంచికలో నాలుగు మాటలు చెప్పదలచాం. ఒకరి పనిని మెచ్చుకోవాలంటే ముందు ఆ పనేమిటో తెలియాలి. ఆ పని ఎలా జరుగుతుందో, ఎందుకు కష్టమైనదో, దానివల్ల మన పిల్లలకు, మన వీధులకు ఏం మేలు జరుగుతోందో తెలుసుకుందాం.

చట్టం, సంస్థలు

జంతువుల పట్ల క్రూరత్వాన్ని అరికట్టడానికి 1824లో లండన్‌లో ఒక సంఘం ఏర్పడింది. మన దేశంలో అలాంటి సంఘం 1861లో కలకత్తాలో మొదలైంది. స్వాతంత్ర్యం తర్వాత 1960లో జంతు హింస నివారణ చట్టం వచ్చింది. ఆ చట్టం కింద 1962లో ఏర్పడిన భారత జంతు సంక్షేమ మండలికి ప్రసిద్ధ నాట్య కళాకారిణి రుక్మిణీదేవి అరుండేల్ తొలి అధ్యక్షురాలు. 1976లో జరిగిన 42వ రాజ్యాంగ సవరణ ప్రాథమిక విధులను చేర్చింది. సకల ప్రాణుల పట్ల దయ కలిగి ఉండటం వాటిలో ఒకటి. తరగతి గదిలో ఈ విధిని మేము పిల్లల చేత పైకి చదివిస్తాం, పరీక్షలో రాయిస్తాం. దాన్ని రోజూ పనిగా చేసేవాళ్ళు మాత్రం పాఠ్యపుస్తకంలో లేరు.

తెలుగు నేల మీద ఇలాంటి సంస్థల్లో పేరున్నవి రెండు. అక్కినేని అమల చొరవతో 1992లో మొదలైన బ్లూక్రాస్ ఆఫ్ హైదరాబాద్ ఒకటి. 1996లో విశాఖపట్నంలో మొదలైన విశాఖ సొసైటీ ఫర్ ప్రొటెక్షన్ అండ్ కేర్ ఆఫ్ యానిమల్స్ మరొకటి. ఇవికాక పురపాలక సంఘాల కేంద్రాలున్నాయి, ఊరూరా చిన్న చిన్న ఆశ్రయాలున్నాయి. పేరు పెద్దదైనా చిన్నదైనా లోపల జరిగే పని ఒక్కటే.

శుభ్రం చేయడమే తొలి వైద్యం

కేంద్రంలో పశువైద్యుడు ఉంటాడు. ఆయనకు సాయంగా కట్లు కట్టేవారు, మందులు వేసేవారు ఉంటారు. వీరుగాక కుక్కలను పట్టేవారు, అంబులెన్సు డ్రైవరు, వంట చేసేవారు, ఫోన్లు ఎత్తేవారు, గదులు కడిగేవారు ఉంటారు. వీరిలో చివరివారినే మనం అందరికంటే తక్కువగా చూస్తాం. నిజానికి కేంద్రంలోని జంతువుల ప్రాణాలు చాలావరకు వారి చేతుల్లోనే ఉంటాయి.

పార్వో అనే వైరస్ జబ్బునే తీసుకోండి. ఇది ఎక్కువగా కుక్కపిల్లలకు సోకుతుంది. వాంతులు, నెత్తుటి విరేచనాలతో పిల్ల రెండు మూడు రోజుల్లోనే నీరసించిపోతుంది. వైద్యం అందకపోతే బతకడం కష్టం. ఈ వైరస్ నేల మీద నెలల తరబడి బతికి ఉంటుంది, మామూలు సబ్బునీటికి చావదు. కేంద్రంలోకి ఒక్క జబ్బు పిల్ల వస్తే చాలు, కడిగేవారు ఏమాత్రం ఏమరుపాటుగా ఉన్నా పక్క గదుల్లోని పిల్లలన్నిటికీ అంటుకుంటుంది.

కాబట్టి కడగడానికి ఒక వరుస ఉంది. ముందు ఆరోగ్యంగా ఉన్న పిల్లల గదులు, తర్వాత పెద్ద కుక్కల గదులు, అన్నిటికంటే చివర జబ్బు పడిన వాటిని విడిగా ఉంచిన గది. ఈ వరుస తప్పితే చీపురే జబ్బును మోసుకెళుతుంది. ముందు మలమూత్రాలు ఎత్తివేయాలి, సబ్బునీటితో రుద్దాలి, ఆ తర్వాతే బ్లీచింగ్ ద్రావణం చల్లాలి. మురికి మీద చల్లితే బ్లీచింగ్ పనిచేయదు. చల్లిన తర్వాత కాసేపు ఆగి, మళ్ళీ కడిగి, ఆరబెట్టాలి. వానాకాలంలో ఆరబెట్టడమే ఒక పెద్ద పని.

ఆ చేతులతోనే వారు మరో పని కూడా చేస్తారు. నిన్న పెట్టిన అన్నం ఏ గదిలో మిగిలింది, ఏ కుక్క మూలకు ముడుచుకుంది, ఏ విరేచనం రంగు మారింది అని గమనించి వైద్యుడికి చెబుతారు. తన బాధ తాను చెప్పుకోలేని రోగికి ఈ చూపే మొదటి పరీక్ష. బెదిరిపోయిన జంతువు దగ్గరికి ఎలా వెళ్ళాలో కూడా వారికి తెలుసు. సూటిగా కళ్ళలోకి చూడరు. మీదికి వంగరు. పక్కకు తిరిగి కింద కూర్చుంటారు. అది తానుగా దగ్గరికి వచ్చేదాకా ఆగుతారు. ఒక్కోసారి అందుకు రోజులు పడుతుంది. కొత్తగా బడిలో చేరి ఏడ్చే పిల్లలను ఒకటో తరగతిలో కూర్చోబెట్టిన ఉపాధ్యాయులకు ఈ ఓర్పు విలువ తెలుసు.

మన పిల్లల రక్షణ

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పుకోవాలి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాలుడు వీధికుక్కల దాడిలో ప్రాణాలు కోల్పోయాడు. ఆ కన్నవారి దుఃఖాన్ని పక్కనపెట్టి జంతుప్రేమ గురించి మాట్లాడటం ఎవరికీ తగదు. బడికి నడిచి వచ్చే పిల్లల భద్రత ఉపాధ్యాయులుగా మాకు రోజూ ఉండే దిగులు. ఆ దిగులు తీరాలంటే వీధికుక్కల సంఖ్య తగ్గాలి, వాటికి రేబిస్ రాకుండా ఉండాలి. ఈ రెండు పనులూ చేస్తున్నది మనం మాట్లాడుకుంటున్న సిబ్బందే.

ఆడకుక్క దాదాపు రెండు నెలలు మోసి ఈనుతుంది. ఏడాదికి రెండుసార్లు పిల్లలు పెట్టగలదు. ఒక వీధిలోని కుక్కలను తరిమేస్తే అక్కడి తిండి కోసం పక్క వీధివి వచ్చి చేరతాయి. అందుకే 2001లో వచ్చిన జనన నియంత్రణ నిబంధనలు, వాటి స్థానంలో 2023లో వచ్చిన కొత్త నిబంధనలు ఒక పద్ధతిని నిర్దేశించాయి. కుక్కను పట్టాలి, సంతానం కలగకుండా శస్త్రచికిత్స చేయాలి, రేబిస్ టీకా వేయాలి, గుర్తుగా చెవి కొన కత్తిరించాలి, తెచ్చిన చోటే వదలాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా ఈ పద్ధతినే సమర్థించింది. రేబిస్ సోకినవాటిని, సోకిందని అనుమానమున్నవాటిని, మీదపడి కరిచేవాటిని మాత్రం వదలరాదని చెప్పింది. పాఠశాలలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో పట్టినవాటిని తిరిగి అక్కడ వదలకుండా కేంద్రాల్లోనే ఉంచాలని అదే ఏడాది నవంబరులో ఆదేశించింది. అంటే కేంద్రాల మీద, వాటి సిబ్బంది మీద భారం ఇంకా పెరుగుతుందన్నమాట.

ఈ పద్ధతిని కాగితం మీద రాయడం తేలిక. చేసి చూపడానికి నేర్పు కావాలి. వల విసిరేవాడు కుక్కకు దెబ్బ తగలకుండా, తనకు కాటు పడకుండా పట్టాలి. ఏ వీధిలో, ఏ మలుపులో పట్టారో అప్పుడే రాసుకోవాలి. ఆ రాతలో తేడా వస్తే కుక్కను తెలియని వీధిలో వదులుతారు. అక్కడి కుక్కలు దాని మీద పడతాయి, అది భయంతో మనుషుల మీదికి వస్తుంది. శస్త్రచికిత్స అయ్యాక కుట్లు మానేదాకా కనిపెట్టుకుని ఉండాలి. ఒక గుమాస్తా రాత, ఒక సహాయకుడి నిద్రలేని రాత్రి, వీటి వెనుక ఒక వీధి ప్రశాంతత ఉంది.

రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకాలు వేస్తే వ్యాధి గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ టీకాలు వేసే చేతులే కాట్లకూ దగ్గరగా ఉంటాయి. అందుకే ఈ పనిలో చేరేవారికి ముందే టీకాలు వేయించాలి. అలా వేయించుకున్నవారు కూడా కాటు పడితే వెంటనే గాయాన్ని 15 నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీటితో కడుక్కుని, ఆసుపత్రికి వెళ్ళి బూస్టర్ మోతాదులు తీసుకోవాలి. గాయం కడుక్కునే ఈ పాఠం మన పిల్లలందరికీ నేర్పాల్సిందే.

పండుగలు, సెలవులు

మనకు పండుగ వస్తే వారికి పని పెరుగుతుంది. దీపావళికి టపాసుల మోతకు బెదిరి పరుగెత్తి బండ్ల కింద పడిన కుక్కలు వస్తాయి. సంక్రాంతికి గాలిపటాల దారం రెక్కలకు చుట్టుకున్న పావురాలు, గద్దలు వస్తాయి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించినా రెక్కలు తెగుతూనే ఉన్నాయి. ఏడాది పొడవునా పాలిథిన్ సంచులు మింగిన ఆవులు వస్తుంటాయి. మనం మిగిలిన అన్నాన్ని సంచిలో మూటకట్టి పారేస్తాం. ఆవు సంచితో సహా తింటుంది. అది కడుపులో ఉండలు కట్టి జీర్ణం ఆగిపోతే పొట్ట కోసి తీయక తప్పదు.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు మేమంతా బడులు మూసి ఇళ్ళలో కూర్చున్నాం. హోటళ్ళు మూతపడి వీధుల్లో ఎంగిలి మెతుకు కూడా కరువైంది. కేంద్రాల్లోని జంతువులకు మాత్రం రోజూ వండి పెట్టాల్సిందే, రోజూ కడగాల్సిందే. ఆ పనికి ఆన్‌లైన్ తరగతి లేదు.

కనిపించని గాయం

కాట్లు, గీతలు కంటికి కనిపిస్తాయి. కనిపించని గాయం మరొకటి ఉంది. వారాల తరబడి చేత్తో పాలు పట్టిన పిల్ల ఒక ఉదయం కదలకుండా పడి ఉంటుంది. నయం కాని జబ్బుతో, బతకలేని గాయంతో ఉన్నదానికి చట్టం అనుమతించిన విధంగా పశువైద్యుడు నొప్పి తెలియని మరణం ఇచ్చేటప్పుడు దాని తల నిమురుతూ పట్టుకునేది సిబ్బందే. మరుక్షణం ఇంకో గదికి వెళ్ళి అన్నం పెట్టాలి. నిత్యం ఇతరుల బాధను మోసేవారి మనసు మొద్దుబారే ఈ స్థితికి 1990లలో చార్లెస్ ఫిగ్లీ వంటి మనస్తత్వ నిపుణులు ‘కంపాషన్ ఫెటీగ్’ అనే పేరును వ్యాప్తిలోకి తెచ్చారు. దయ చూపి చూపి అలసిపోవడం అన్నమాట.

ఆ అలసటకు మనం కూడా కారణమే. రాత్రిపూట గోనెసంచిలో కుక్కపిల్లలను గేటు ముందు వదిలిపోయేది మనలాంటివారే. ఫోన్ చేసిన అరగంటకు బండి రాలేదని తిట్టేదీ మనలాంటివారే. ఒక వైపు ‘కుక్కలను ఎందుకు పట్టుకెళ్ళారు?’ అని నిలదీస్తారు, మరో వైపు ‘ఎందుకు తిరిగి వదిలారు?’ అని దెబ్బలాటకు వస్తారు. రెండు వైపులా మాటలు పడేది ఆ చిన్న జీతగాడే.

దయకు శ్రమ తోడవ్వాలి

దాహంతో నాలుక చాపిన కుక్కకు నీళ్ళు తాగించిన బాటసారిని అల్లాహ్ క్షమించాడని ప్రవక్త ముహమ్మద్ (స) చెప్పిన ఉదంతం మన పాఠకులకు తెలిసిందే. అందులో మనం దాటిపోయే వివరం ఒకటుంది. ఆ మనిషి బావిలోకి దిగాడు. తోలు మేజోడులో నీళ్ళు నింపాడు. చేతులు పైకి ఎక్కడానికి కావాలి కనుక దాన్ని పళ్ళతో కరిచి పట్టుకున్నాడు. అయ్యో అనుకుని ఊరుకోలేదు, కష్టపడ్డాడు. సంరక్షణ కేంద్రాల సిబ్బంది రోజూ ఆ బావిలోకి దిగి ఎక్కుతున్నారు. కుక్కను ఇంట్లో పెంచడం మనలో చాలామందికి అలవాటు లేదు, అవసరం కూడా లేదు. ఆ పని చేసేవారికి చేయూతనివ్వడానికి అది అడ్డు కాదు.

మనం చేయగలిగినవి

మన ఊరిలోని కేంద్రానికి ఒకసారి వెళ్ళి సిబ్బందిని పేరు అడిగి పలకరిద్దాం. విరాళం ఇచ్చేటప్పుడు కొంత భాగం వారి టీకాలకు, రబ్బరు బూట్లకు, చేతి తొడుగులకు, ఆరోగ్య బీమాకు కేటాయించమని కోరుదాం. వారికి కనీస వేతనం, వారానికొక సెలవు అందుతున్నాయా అని అడుగుదాం. పాత దుప్పట్లు, వార్తాపత్రికలు, బియ్యం, బ్లీచింగ్ పౌడరు వారికి ఎప్పుడూ అవసరమే.

పెంపుడు జంతువులున్నవారు వాటికి టీకాలు, సంతాన నియంత్రణ శస్త్రచికిత్స చేయించాలి. ముసలిదైందని, ఇల్లు మారామని వాటిని గేటు ముందు వదలకూడదు. అన్నం మూటలు పాలిథిన్ సంచుల్లో పారేయడం మానుకోవాలి. ఎండాకాలంలో గుమ్మం ముందు మట్టి తొట్టిలో నీళ్ళు పెడితే కొన్ని ప్రాణాలు కేంద్రం దాకా రాకుండానే నిలుస్తాయి.

ఉపాధ్యాయులకు ఒక సూచన. లూయీ పాశ్చర్ వర్ధంతి అయిన సెప్టెంబరు 28ని ప్రపంచ రేబిస్ దినంగా జరుపుతున్నారు. ఆ రోజు ప్రార్థన సమావేశంలో వక్తగా ఒక అధికారిని పిలవడం మన అలవాటు. ఈసారి సమీప కేంద్రంలో గదులు కడిగే మనిషిని పిలుద్దాం. కుక్క ఎదురైతే ఎలా నిలబడాలో, కాటు పడితే ఏం చేయాలో ఆయన నోటనే పిల్లలు వినాలి. శాలువా ఉంటే కప్పుదాం. లేకపోతే కుర్చీ వేసి, ఒక కప్పు టీ ఇచ్చి, పేరు బోర్డు మీద రాసినా చాలు.