రాగి గొట్టపు చుట్టతో వేడి ద్రవమును చల్లార్చుట

పాలు కాచి, గోరువెచ్చగా చల్లారిన తరువాతనే తోడు వేయవలెనని మన ఇండ్లలో పిల్లలకు కూడ తెలియును. మరీ వేడిగా ఉన్న పాలలో తోడు వేసినచో అందలి సూక్ష్మజీవులు చనిపోవును, పెరుగు తోడుకొనదు. తొందరగా ఉన్నప్పుడు పాలగిన్నెను చన్నీళ్ల పళ్లెములో పెట్టుదురు. గిన్నెడు పాలకు ఆ ఉపాయము చాలును. కాని 20 లీటర్ల మరుగుచున్న ద్రవమును అరగంటలో చల్లార్చవలసి వచ్చినప్పుడు ఏమి చేయవలెను?

ఇంటి వద్ద బీరు తయారుచేసికొను అలవాటు గల బ్రిటను, అమెరికా దేశములలోని వారికి ఈ సమస్య ఎదురగుచుండును. ఈ పనికి లైసెన్సు అక్కరలేదని బ్రిటనులో 1963లో నిర్ణయించిరి; అమెరికాలో 1978లో చేసిన సమాఖ్య చట్టము సొంత వాడుకకు దీనిని అనుమతించినది. మన రాష్ట్రములలో అనుమతి లేకుండ మద్యము తయారుచేయుట నేరము. కనుక మనకు కావలసినది ఆ పానీయము కాదు, వారు వాడు చల్లార్చు సాధనము. అందులో మన భౌతికశాస్త్ర పాఠములు చాల ఇమిడి ఉన్నవి.

ఎందుకీ తొందర?

మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని నలుగగొట్టి, సుమారు 65 డిగ్రీల సెంటీగ్రేడు వేడి గల నీటిలో గంటసేపు ఉంచినచో గింజలలోని పిండిపదార్థము చక్కెరలుగా మారును. వడగట్టగా వచ్చిన తియ్యని ద్రవమునకు ‘వర్ట్’ అని పేరు. దీనిలో హాప్స్ పువ్వులు వేసి గంటసేపు మరిగించి, 20 డిగ్రీల దాపునకు చల్లార్చి, ఈస్టు కలుపుదురు.

వర్ట్ నిదానముగా చల్లారినచో రెండు నష్టములు కలవు. గోరువెచ్చని చక్కెర నీరు గాలిలోని సూక్ష్మజీవులకు విందు వంటిది. ఈస్టు కంటె ముందు అవి చేరి ద్రవమును పులియబెట్టును. మరియు బార్లీ నుండి వచ్చిన ఒక పదార్థము వేడికి విడిపోయి డైమిథైల్ సల్ఫైడుగా మారును. మరుగునప్పుడు అది ఆవిరితో పోవును. మరుగుట ఆగి వేడిగానే ఉన్నచో ద్రవములో నిలిచి, ఉడికిన మొక్కజొన్న వాసన పుట్టించును.

సాధనము

ఈ పనికి సుమారు తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల వెలుపలి వ్యాసము గల మెత్తని రాగి గొట్టము ఏడున్నర మీటర్లు తీసికొందురు. పాత్ర కంటె సన్నని డబ్బా చుట్టును దానిని చేతితో మెల్లగా చుట్టుదురు. గొట్టము నలిగి మూసికొనకుండ ముందుగా సన్నని ఇసుక నింపి, చుట్టిన పిమ్మట దులిపివేసి, నీటితో బాగుగా కడుగవచ్చును. రెండు కొనలను పాత్ర అంచు మీదుగా వెలుపలికి వంచి, రబ్బరు గొట్టములు తొడిగి బిగింతురు. అతుకులు పాత్ర వెలుపలనే ఉండవలెను. కారినను నీరు వర్ట్‌లో పడదు. సీసము కలిసిన టంకమును వాడరాదు. రాగిపై పచ్చని చిలుము ఉన్నచో పూర్తిగా తోమివేయవలెను. మన ఇండ్లలో చింతపండు చేయు పని ఇదే.

మరుగుట ముగియుటకు పావుగంట ముందు చుట్టను వర్ట్‌లో దింపినచో దానిపై నున్న సూక్ష్మజీవులు నశించును. పొయ్యి ఆర్పి, కొళాయి నీటిని గొట్టములోనికి వదలుదురు. మొదట వెలుపలికి వచ్చు నీరు చేయి కాల్చునంత వేడిగా ఉండును, జాగ్రత్త అవసరము.

లెక్క

సులభముగా ఉండుటకు వర్ట్ విశిష్టోష్ణము నీటితో సమానమనుకొందము. 20 కిలోగ్రాములను 100 డిగ్రీల నుండి 30 డిగ్రీలకు దింపుటకు 20 × 70, అనగా 1400 కిలోకెలోరీలు తీసివేయవలెను. కొళాయి నీరు 25 డిగ్రీల వద్ద లోనికి పోయి సగటున 45 డిగ్రీల వద్ద వెలువడినచో లీటరు నీరు 20 కిలోకెలోరీలు మోసికొనిపోవును. అనగా 70 లీటర్ల నీరు కావలెను. దీనిని పారబోయక పాత్రలు కడుగుటకు వాడుకొనవచ్చును.

ఉష్ణోగ్రతల తేడా ఎంత ఎక్కువైన చల్లారుట అంత వేగము. ఈ తేడా ప్రతి 5 నిమిషములకు సగమగుననుకొందము. మొదటి 5 నిమిషములలో వర్ట్ 100 నుండి 62.5 డిగ్రీలకు దిగును. నాల్గవ 5 నిమిషములలో మాత్రము 34.4 నుండి 29.7కే దిగును. ఎంతసేపు నీరు వదలినను 25 కంటె దిగదు. కావున కావలసినది 20 డిగ్రీలైనచో, చివరి దశలో మంచునీటిని పంపవలెను.

రాగి గొప్పతనమెంత?

రాగి మంచి ఉష్ణవాహకము కనుకనే ఈ సాధనము బాగుగా పనిచేయునని మనము తరగతిలో చెప్పుదుము. అది సగము నిజమే. తుప్పు పట్టని ఉక్కు కంటె రాగి సుమారు 25 రెట్లు, నీటి కంటె 600 రెట్లకు పైగా వేడిని ప్రసరింపజేయును. గొట్టపు గోడ మిల్లీమీటరు మందమైన ఉండదు. కాని గోడకు రెండు ప్రక్కలను కదలని ద్రవము పలుచని పొరగా అంటుకొని ఉండును. ఒక మిల్లీమీటరు నిలకడ నీరు అరమీటరుకు పైబడిన రాగి దిమ్మెయంతగా వేడిని అడ్డగించును! వేడినీటిలో చేయి కదలక ఉంచినప్పటి కంటె కదిపినప్పుడు ఎక్కువ చురుక్కుమనుటకు కారణమిదే.

కనుక అసలు ఆటంకము లోహము కాదు, నిలకడ పొర. నీరు వేగముగా పారినచో లోపలి పొర పలుచబడును. చుట్టను పైకి క్రిందికి కదిపినచో వెలుపలి పొర పలుచబడును. అందువలననే ఉక్కు చుట్టలు కూడ రాగి చుట్టలకు అంతగా తీసిపోవు. చేతితో వంగుట రాగికి గల మరియొక సుగుణము.

తరగతిలో ప్రయోగము

శీతల యంత్రములు బాగుచేయు అంగళ్లలో దొరకు సన్నని రాగి గొట్టము 3 మీటర్లు చుట్టి, 70 డిగ్రీల వేడి గల 5 లీటర్ల మామూలు నీటిలో దింపుడు. కొళాయి నీరు పంపుచు నిమిషమునకొకసారి థర్మామీటరు చూచి గ్రాఫు గీయుడు. అదే ప్రయోగమును మరల నీటిని కలుపుచు చేయుడు. కొళాయి ధార మాత్రము మార్చరాదు. వెలువడిన నీటిని బకెట్టులో పట్టి, పాత్ర కోల్పోయిన వేడిని బకెట్టు నీరు పొందిన వేడితో పోల్చుడు. రెండును సరిగా కలియవు. పాత్ర లోహము, గాలి తీసికొనిన భాగమును విద్యార్థుల చేతనే చెప్పించుడు. వేడి నీటిని మాత్రము ఉపాధ్యాయుడే పోయవలెను.