పొట్టి కాళ్ల కుక్కకు నడుం బెల్టు: కొనేముందు టేపు తీయండి

ఈసారి జీవామృతం గురించి కాదు, మా బుజ్జి నడుం గురించి రాస్తున్నాను. పందికొక్కుల వీడియోలో అది బెల్టు కట్టుకుని గట్టు మీద నడుస్తుంటే చూసి, "ఆ బెల్టు ఎక్కడ కొన్నావు తమ్ముడూ, మా కుక్కకీ నడుం నొప్పే" అని చాలామంది ఫోన్ చేశారు. లింకు పంపేస్తే నా పని అయిపోయేది. కానీ నేను కొన్న మొదటి బెల్టు దానికి మేలు చేయలేదు సరికదా, నాలుగు రోజులు పోగొట్టింది. అందుకే మొత్తం చెబుతాను. కొలతలు ఎలా తీయాలో పైన వీడియోలో ఉంది, ఎందుకు తీయాలో ఇక్కడ చదవండి.

సహజ సాగులోకి వచ్చాక మేం జింక్ ఫాస్ఫైడ్ ఎర పెట్టడం మానేశాం. దాంతో వరి గట్లన్నీ పందికొక్కుల బొరియలే. బొరియల్లో దూరి వేటాడే జాతి అని డాష్‌హండ్ పిల్లను తెచ్చాను. జర్మన్‌లో డాక్స్ అంటే బ్యాడ్జర్, నేలలో బొరియలు తవ్వుకునే జంతువు. హుండ్ అంటే కుక్క. పేరులోనే పని ఉంది. పొట్టి కాళ్లు, పొడుగు నడుం. పని బాగా చేసింది కూడా. కాకపోతే ఆ పొట్టి కాళ్ల వెనకాల ఇంకో సంగతి ఉందని నాకు అప్పుడు తెలియదు.

వెన్నుపూసల మధ్య డిస్కులు ఉంటాయి కదా. లేత తాటిముంజె అనుకోండి: చుట్టూ గట్టి పొర, లోపల మెత్తటి జిగురు. మామూలు కుక్కల్లో ఇది ముసలితనంలో ఎండిపోతుంది. డాష్‌హండ్, బీగిల్, పెకినీస్, షిట్జు, ఫ్రెంచ్ బుల్‌డాగ్ లాంటి జాతుల్లో ఏడాది రెండేళ్ల వయసుకే లోపలి ముంజె ముదిరి సుద్దలా గట్టిపడటం మొదలవుతుంది. పొట్టి కాళ్లకు కారణమైన జన్యు మార్పుల్లో ఒకటే డిస్కులను కూడా ఇలా ముదిరేలా చేస్తుందని 2017లో కనిపెట్టారు. ఎఫ్‌జీఎఫ్4 అనే జన్యువుకు 12వ క్రోమోజోములో అదనంగా ఒక నకలు చేరడమే ఆ మార్పు. ఒకరోజు మంచం మీద నుంచి దూకినప్పుడో, ఏమీ చేయకుండానో గట్టి పొర చిట్లుతుంది. లోపలి సుద్ద పైకి పొడుచుకొచ్చి వెన్నుపాముకు తగులుతుంది. ఎక్కువసార్లు ఇది పక్కటెముకలు అయిపోయి నడుం మొదలయ్యే చోట జరుగుతుంది. ఈ చోటు గుర్తుపెట్టుకోండి, బెల్టు కొలతలకు మళ్లీ ఇక్కడికే వస్తాం.

బుజ్జికి ఐదో ఏడు నడుస్తోంది. మోపెడ్ ముందు భాగంలో కూర్చుని పొలానికి రావడం, ఆగగానే దూకడం దానికి అలవాటు. ఒక మంగళవారం దూకలేదు. వీపు గూనిలా పెట్టి, వణుకుతూ నిలబడింది. పొట్ట పట్టుకుంటే రాయిలా గట్టిగా ఉంది. "బెణికి ఉంటదిరా, ఆముదం రాసి రుద్దు" అన్నాడు నాన్న. రుద్దబోతే కుయ్యిమంది. నాకేమో మనుషుల నడుం బెల్టు గుర్తొచ్చి ఫోనులో కుక్కల బెల్టు వెతికాను. బరువు చూసి సైజు ఎంచుకోమని పట్టిక ఉంది. 10.5 కిలోలు, మీడియం. 1,850 రూపాయలు. అది వచ్చేదాకా మూడు రోజులు కుక్కను మామూలుగానే తిరగనిచ్చాను.

శుక్రవారం బెల్టు వచ్చింది. కట్టగానే ఏడుపు ఆపి కదలకుండా నిలబడింది. పనిచేసింది అనుకున్నాను. అది నొప్పి తగ్గి నిలబడటం కాదు, కొత్త కట్టుకు బిగుసుకుపోయి నిలబడటం. శనివారం పొద్దున చూస్తే వెనక కాళ్లు ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయి, పాదం మడత పడి పంజా పైభాగం నేలకు రాసుకుంటోంది. టమాట క్రేటులో గోనెసంచి పరిచి, పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాం.

డాక్టర్ మేడమ్ మొదట చేసిన పని బెల్టు విప్పడం. తర్వాత వెనక కాలి వేలును పటకారుతో గట్టిగా నొక్కారు. కాలు వెనక్కి లాక్కుంది, నేను సంతోషించాను. "కాలు లాక్కోవడం కాదండీ, తల తిప్పి చూసిందా లేదా అన్నదే లెక్క" అన్నారు. స్పర్శ పూర్తిగా పోయినా కాలు తనంతట తాను ముడుచుకోగలదట. బుజ్జి తల తిప్పి మూలిగింది. అందుకే మాకు ఆపరేషన్ లేకుండా ప్రయత్నించే అవకాశం దొరికింది. లోతు నొప్పి కూడా తెలియని స్థితికి వెళితే గంటల మీద ఆపరేషన్ చేయాలి, చేసినా మళ్లీ నడుస్తుందా అంటే ఇంచుమించు సగం సగమే.

ఆ రోజు నాకు అర్థమైంది ఇది: డిస్కు జారిన మొదటి రోజుల్లో కావాల్సింది బెల్టు కాదు, బోను. కనీసం నాలుగు వారాలు, మాకు ఆరు వారాలు చెప్పారు. కోడిపిల్లల కోసం చేయించిన మెష్ గూడు ఉంటే అందులో పెట్టాం. లేచి తిరగడానికి, సాగి పడుకోవడానికి సరిపడా చోటు, అంతకుమించి వద్దు. ఒంటికి, రెంటికి మాత్రం తువ్వాలు పొట్ట కింద వేసి పట్టుకుని బయటికి తీసుకెళ్లి, వెంటనే లోపల. చిట్లిన పొర కదలకుండా ఉంటేనే అతుక్కునేది. బెల్టు కట్టి తిరగనిస్తే, నొప్పి కాస్త తగ్గగానే కుక్క దూకుతుంది. బెల్టు వల్ల జరిగే అసలు నష్టం ఇదే.

ఇంకో మాట, మందుల గురించి. మెడికల్ షాపు నుంచి మనుషుల నొప్పి మాత్రలు తెచ్చి వేయకండి. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క పొట్టలో పుండ్లు చేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. (పశువులకు వాడిన డైక్లోఫెనాక్ రాబందులను ఏం చేసిందో, 2006లో దాన్ని పశువైద్యంలో ఎందుకు నిషేధించారో మన రైతులకు వేరే చెప్పక్కర్లేదు.) ఊళ్లో ఎవరైనా స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేసి ఉంటే అది డాక్టరుకు తప్పక చెప్పండి. దాని మీద నొప్పి మందు పడితే పొట్టలో రక్తస్రావం కావచ్చు. ఆముదం, ఆవనూనె ఏదైనా సరే, వెన్ను మీద మర్దన మాత్రం వద్దు. మన సాగు సహజమే అయినా చిట్లిన డిస్కును రుద్దడం సహజం కాదు.

మరి బెల్టు ఎప్పుడు? ఏడో వారం డాక్టర్ ఒప్పుకున్నాక. అప్పుడు కూడా అది వైద్యం కాదు, డిస్కు మళ్లీ జారకుండా ఆపుతుందన్న గ్యారంటీ కూడా లేదు. నడుం ఒక్కసారిగా మెలిక తిరగకుండా, వంగకుండా కొంత అడ్డుపడుతుంది, అంతే. నా అనుభవంలో పెద్ద లాభం ఇంకోటి: బెల్టు ఉంటే ఇంట్లో అందరికీ దీన్ని ఎత్తుకుని దింపాలని గుర్తుంటుంది.

కొనేటప్పుడు మొదట ఏ రకమో చూడండి. సాగే బట్టతో చొక్కాలా ఉండేవి ఒళ్లు పట్టుకుంటాయి తప్ప వెన్నుకు ఆధారం ఇవ్వవు. వెనక కాళ్లు లేపి పట్టుకునే పట్టీ వేరు, అది నడవలేని కుక్కకు మనం సాయం చేయడానికి. మనకు కావాల్సిన దాంట్లో వెన్నుకు రెండు పక్కలా పొడవుగా గట్టి పట్టీలు ఉండాలి. అవి వెన్నెముక మీద కాదు, పక్కల్లో రావాలి. దెబ్బ తగిలే చోటు పక్కటెముకలు అయిపోయే దగ్గర అన్నాను కదా, ఆ చోటు పట్టీకి మధ్యలో పడాలి. ముందు ఛాతీ దాకా, వెనక తుంటి దగ్గర దాకా వెళ్లాలి. నా మొదటి బెల్టు పట్టీ సరిగ్గా ఆ చోట ఆగిపోయింది. అంటే ఏ చోటైతే కదలకూడదో సరిగ్గా అక్కడే మడత పడేలా కట్టానన్నమాట!

బరువు పట్టికను నమ్మొద్దు. ఒకే బరువున్న బీగిల్‌కూ డాష్‌హండ్‌కూ నడుం పొడవు ఒకటి కాదు. కుక్కను సమంగా నిలబెట్టి మూడు కొలతలు తీయండి (వీడియోలో 4:10 దగ్గర): భుజాల మధ్య ఎత్తైన ఎముక నుంచి తోక మొదలు దాకా పొడవు, ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, వెనక కాళ్లకు ముందు పొట్ట చుట్టుకొలత. బుజ్జికి 15, 20, 16½ అంగుళాలు. ఛాతీకీ పొట్టకీ మూడున్నర అంగుళాల తేడా ఉంది చూడండి, పాత బెల్టు వెనక్కి జారిపోయింది అందుకే. ఛాతీ పట్టీ, పొట్ట పట్టీ విడివిడిగా బిగించే వీలున్నదే తీసుకోండి. కట్టాక కింద రెండు వేళ్లు దూరాలి. మగ కుక్క అయితే పొట్ట పట్టీ మూత్రం వచ్చే చోటుకు ముందే ఆగాలి, లేదంటే రోజూ తడిసి చర్మం పుండవుతుంది.

మొదటి రోజు పావుగంట, ఇంట్లోనే. తర్వాత మెల్లగా పెంచి, మేం రెండు గంటలు దాటనివ్వం. రాత్రి ఎప్పుడూ ఉంచం. రోజంతా కడితే నడుం కండలు పని మానేసి బలహీనపడతాయని మేడమ్ హెచ్చరించారు. ఎండాకాలం పొద్దున, సాయంత్రం మాత్రమే. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పి చల్లబడాల్సిందే, ఛాతీ బిగించి ఎండలో తిప్పితే వడదెబ్బ తప్పదు.

పొలం కుక్కకు ఇంకొన్ని చిక్కులు ఉంటాయి, ఇవి ఏ ప్యాకెట్ మీదా రాయరు. అతికే పట్టీల్లో ఆచ్ఛాదన గడ్డి, పల్లేరు కాయలు ఇరుక్కుంటాయి. ఒక్క పల్లేరు కాయ లోపలి వైపు మిగిలితే చాలు, సాయంత్రానికి చంకలో పుండు. నేను పాత పళ్ల బ్రష్‌తో రోజూ దులుపుతాను. విప్పిన ప్రతిసారీ చర్మం వేళ్లతో తడిమి చూడాలి, పిడుదులకు (మీ వైపు గోమార్లు అంటారేమో) బెల్టు కింద మంచి నీడ. తడి మడిలోకి బెల్టుతో దింపొద్దు. కుంకుడు రసంతో ఉతికి నీడన ఆరబెట్టాలి, పూర్తిగా ఆరాకే మళ్లీ కట్టాలి.

మెడ దగ్గర డిస్కు జారిన కుక్కకు ఈ బెల్టు పనికిరాదు. దానికి మెడపట్టీ తీసేసి ఛాతీకి కట్టే హార్నెస్ వాడాలి. ముసలి లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ వెనక కాళ్లు ఈడుస్తుంటే అది తుంటి కీళ్ల జబ్బో, వెన్నుపాము క్షీణతో కావచ్చు. ముందు పరీక్ష చేయించండి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీలకు ఆసుపత్రులు ఉన్నాయి. దారిలో కుక్కను చంకలు పట్టి ఎత్తకండి, చెక్క మీదనో క్రేటులోనో ఒళ్లంతా ఆనేలా పెట్టి తీసుకెళ్లండి.

నిజం చెప్పాలంటే రెండో బెల్టుకు పెట్టిన డబ్బు కంటే, ప్లైవుడ్ చెక్కకు గోనెసంచి అంటించి మంచానికి వేసిన వాలుకు అయిన ఆరు వందలే ఎక్కువ పనికొచ్చాయి. టైల్స్ మీద పీచు చాపలు వేశాం. పెరుగన్నం తగ్గించి బరువు 9.2 కిలోలకు దించాం, ఇప్పుడు పక్కటెముకలు చేతికి తెలుస్తున్నాయి. మోపెడ్ ఆగగానే నేనే ఎత్తి దింపుతాను. దానికి ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి వెనక కింద పెట్టాలి, నడుం వేలాడకూడదు.

బుజ్జి నడుస్తోంది. మలుపు తిరిగేటప్పుడు ఎడమ వెనక కాలు ఇప్పటికీ కాస్త తూలుతుంది. బొరియలు తవ్వడం మాత్రం మాన్పించాం, అది నాకన్నా దానికే ఎక్కువ బాధ. "మళ్లీ కుక్కను తెస్తే నాటు పిల్లనే తేరా, పొడుగు కాళ్లది" అంటున్నాడు నాన్న, నాదీ అదే మాట. పందికొక్కుల కోసం ఇప్పుడు గట్ల మీద ఎలుక బుట్టలు పెట్టాం, గుడ్లగూబలు వాలడానికి టీ ఆకారంలో కర్రలు పాతాం. బుట్ట ఎక్కడ పెట్టాలి, ఎర ఏం వేయాలి అన్నది వచ్చే వీడియోలో.