మానసిక వైద్య బోధన: ఉపన్యాసం నుంచి చిన్న బృందాలకు

మానసిక సమస్యతో బాధపడే వ్యక్తి చాలా సందర్భాల్లో తొలుత కలిసేది నిపుణుడిని కాదు, సాధారణ ఎంబీబీఎస్ వైద్యుడిని. తలనొప్పి, నిద్రలేమి, నీరసం అంటూ వచ్చిన రోగి మాటల వెనుక కుంగుబాటు దాగి ఉండవచ్చు. దానిని గుర్తించే నేర్పు విద్యార్థి దశలోనే అలవడాలి.

ఈ అవసరం ఎంత తీవ్రమైనదో గణాంకాలే చెబుతున్నాయి. నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం వయోజనుల్లో 10.6 శాతం మందికి మానసిక రుగ్మతలున్నాయి. రుగ్మతను బట్టి వారిలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు.

వ్యాధి లక్షణాలను ఉపన్యాసం నేర్పగలదు. రోగిని ఎలా పలకరించాలో, ఎప్పుడు మౌనంగా వినాలో అభ్యాసం ద్వారానే తెలుస్తుంది. చిన్న బృంద బోధన అందుకే రూపొందింది. ఎనిమిది, పది మంది విద్యార్థుల్లో ఒకరు వైద్యుడిగా, మరొకరు రోగిగా సంభాషిస్తారు. మిగిలినవారు గమనించి లోటుపాట్లు చెబుతారు. అధ్యాపకుడు చర్చను నడిపిస్తాడు. ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగితే రోగికి ఆ తలంపు కల్పించినట్లవుతుందని పలువురు విద్యార్థులు సంకోచిస్తారు. అడిగినంత మాత్రాన ముప్పు పెరగదని పరిశోధనలు సూచిస్తున్నాయి. ఆ ప్రశ్నను సౌమ్యంగా, సూటిగా అడగడం ఈ తరగతుల్లో సాధన చేయవచ్చు.

ఈ పద్ధతికి దీర్ఘ చరిత్ర ఉంది. శిక్షణ పొందిన వ్యక్తులు రోగులుగా నటించే విధానాన్ని 1963లో అమెరికా నాడీ వైద్యుడు హోవార్డ్ బారోస్ ప్రవేశపెట్టారు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం 1969లో సమస్య ఆధారిత బృంద బోధన చేపట్టింది. భారత్‌లో 2019 నుంచి అమలవుతున్న సామర్థ్య ఆధారిత ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక చిన్న బృందాలకు, వైఖరి, నైతికత, సంభాషణ నైపుణ్యాలకు చోటు కల్పించింది. 2021 నిబంధనల ప్రకారం ఇంటర్న్‌షిప్‌లో రెండు వారాల మానసిక వైద్య శిక్షణ తప్పనిసరి.

అయితే ఆచరణ సులభం కాదు. 150 మంది ఉన్న తరగతిని పది మంది చొప్పున విభజిస్తే 15 బృందాలవుతాయి. అన్నింటికీ అధ్యాపకులు, సమయం కావాలి. నిజమైన రోగులతో బోధించేటప్పుడు వారి సమ్మతి, గోప్యత ముఖ్యం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను రోగి హక్కుగా గుర్తించింది. నటించే రోగి ఆ భారాన్ని తగ్గించినా వార్డు అనుభవానికి ప్రత్యామ్నాయం కాలేడు. రెండింటినీ సమన్వయం చేసినప్పుడే రేపటి వైద్యుడు రోగి చెప్పిన మాటతో పాటు చెప్పలేని బాధనూ గ్రహించగలడు.